పాఠం మీద పరిశోధన: అపోహలు - వాస్తవాలు

నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పిల్లలు పాఠంలో ఎక్కడ తడబడుతున్నారో తేల్చే పని పెట్టుకున్నాను. దాని గురించి స్టాఫ్‌రూమ్‌లో వినే మాటలివి.

అపోహ: అది బీఎడ్ వాళ్ల పని, సబ్జెక్టు వాళ్లది కాదు.

వాస్తవం: లారీ, కారు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఏది దేనిమీద ఎక్కువ బలం చూపిస్తుంది? న్యూటన్ మూడో నియమం గడగడా అప్పజెప్పేవాళ్లలో కూడా చాలామంది ‘లారీయే’ అంటారు. సమానమని ఇప్పుడే చదివారు కదా అంటే, ‘మరి నుజ్జయ్యేది కారే కదా సార్’ అంటారు. బలం రెంటి మీదా సమానమే, కారు తేలిక కాబట్టి దాని త్వరణం (వేగం మారే రేటు) ఎక్కువ. పిల్లలు బలాన్నీ త్వరణాన్నీ ఒకటిగా కలిపేసుకునేది అక్కడే. 1992లో అమెరికాలో హెస్టెనెస్ బృందం ఇలాంటి ప్రశ్నలతోనే ‘ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ’ అనే మల్టిపుల్ చాయిస్ టెస్టు తయారుచేసింది. అందులోని తప్పు జవాబులు పిల్లలు నిజంగా నమ్మేవి. వాటిని ఏరాలంటే సబ్జెక్టు లోతు తెలియాలి. ఈ పరిశోధన ఫిజిక్స్ విభాగాల్లో జరగడం సమంజసమేనని అమెరికన్ ఫిజికల్ సొసైటీ 1999లోనే ప్రకటించింది.

అపోహ: పిల్లల ఫీడ్‌బ్యాక్ బాగుంటే పాఠం బాగున్నట్టే.

వాస్తవం: 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో పోల్చి చూశారు. తామే లెక్కలతో కుస్తీపట్టిన పిల్లలకు మార్కులు ఎక్కువొచ్చాయి. చక్కటి లెక్చర్ విన్నవాళ్లు మాత్రం తామే ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు.

అపోహ: ప్రమోషన్‌కు పనికిరాదు.

వాస్తవం: యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల్లో కొత్త బోధనా పద్ధతి రూపొందిస్తే 5 పాయింట్లున్నాయి. బోధనను కూడా పాండిత్యంగానే లెక్కించాలని అమెరికా విద్యావేత్త ఎర్నెస్ట్ బోయర్ 1990లోనే వాదించారు. కానీ కమిటీలో ఎవరో ఒకరు ‘ఇందులో ఫిజిక్స్ ఏదండీ?’ అంటారు. అసలు ఇబ్బంది ఆ ప్రశ్నతోనే.

అపోహ: ముందో టెస్టు, తర్వాతో టెస్టు పెట్టి మార్కులు పెరిగాయని చూపిస్తే పరిశోధన పేపరు అయిపోయినట్టే.

వాస్తవం: ఇది ఈ పరిశోధన చేసే మావాళ్ల అపోహే, పై మూడింటికన్నా చేటు. సెమిస్టర్ గడిచాక ఎలా చెప్పినా మార్కులు ఎంతోకొంత పెరుగుతాయి. పోల్చడానికి మరో సెక్షన్ కావాలి, ఇద్దరికీ అవే ప్రశ్నలు కావాలి. 2014లో ఫ్రీమన్ బృందం అలా పోల్చిన 225 అధ్యయనాలను కలిపి చూసింది: ఉత్త లెక్చర్ క్లాసుల్లో తప్పినవాళ్లు సుమారు 34 శాతం, పిల్లలతో పనిచేయించే క్లాసుల్లో 22 శాతం. మధ్యలో మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేసి సగటు పెంచిన పేపరు రివ్యూకి వస్తే, నేనైతే తిప్పి పంపుతాను.