చిన్న కంపెనీలో ప్రసూతి సెలవు: అపోహలు - వాస్తవాలు

హెచ్ఆర్ విభాగమంటూ లేని చిన్న కంపెనీలకు ఆ పనులు బయటినుంచి చూసిపెట్టడం నా వృత్తి. ప్రసూతి సెలవు మాట వచ్చేసరికి ఓనరూ, ఉద్యోగినీ విడివిడిగా నాకే ఫోన్ చేస్తారు. అప్పుడు వినపడే మాటలే ఇవి.

అపోహ: చిన్న కంపెనీలకు చట్టం వర్తించదు.
అది దేశాన్ని బట్టి ఉంటుంది. భారతదేశంలో దుకాణాలు, ఆఫీసులకు హద్దు పదిమంది. ఇవాళ తొమ్మిదిమందే ఉన్నా, గడిచిన 12 నెలల్లో ఏ ఒక్క రోజు పదిమంది పనిచేసినా సరిపోతుంది. ఈ సంగతి ఓనర్లకు చాలామందికి తెలియదు, తెలిసినా పైకి అనరు. ప్రసవానికి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే మొదటి రెండు కాన్పులకు 26 వారాలు, జీతంతో. అమెరికా ఫెడరల్ చట్టమైతే 50 మంది ఉంటేగానీ వర్తించదు, ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. బ్రిటన్‌లో ఉద్యోగి ఒక్కరే ఉన్నా 52 వారాలు. చట్టం ఇచ్చినదాన్ని బతిమాలి పుచ్చుకోనక్కర్లేదు. బేరమంతా దాని పైన కావలసినదానికే.

అపోహ: జీతమంతా ఓనర్ జేబులోంచే.
ఆ భారం ఒక్క యజమాని మీదే పడకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి ఒప్పందంలోనే ఉంది. బ్రిటన్ ప్రభుత్వం చిన్న యజమానులకు చట్టప్రకారం ఇచ్చిన మొత్తాన్ని కొంత అదనంతో తిరిగి ఇస్తుంది. మన దగ్గర ఈఎస్ఐ (ఉద్యోగుల కోసం ప్రభుత్వం నడిపే బీమా) ఉన్నవారికి ఈఎస్ఐ చెల్లిస్తుంది, లేకపోతే ఓనరే. కాబట్టి ఆయన మొహం మాడిందంటే మనసు లేక కాకపోవచ్చు. మీకు ఈఎస్ఐ ఉందో లేదో ముందే చూసుకుని వెళ్ళండి.

అపోహ: ముందే చెబితే ఉద్యోగానికే ఎసరు.
ఆఖరి నెలదాకా దాస్తేనే గొడవ. నేను చూసినంతలో చిన్న కంపెనీ ఓనర్‌కు డబ్బుకన్నా పెద్ద బెంగ, "ఆ క్లయింట్ ఈమెతో తప్ప మాట్లాడడే" అన్నది. అందుకే వట్టి చేతులతో వెళ్ళకండి. ఏ పని, ఎవరికి అప్పగిస్తారు, ఎప్పటినుంచి నేర్పిస్తారు, పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గర, నెలాఖరు బిల్లులు ఎవరు చూస్తారు... ఒక్క కాగితం మీద రాసుకెళ్ళండి. ముందు మనిషిగా మాట్లాడి, అదే రోజు మెయిల్ పెట్టండి: "ఇవాళ మనం అనుకున్నట్టు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సెలవు. తిరిగి ఇదే హోదా, ఇదే జీతంతో చేరతాను. తేడా ఉంటే చెప్పగలరు." రేపు ఎవరైనా మాట మారిస్తే చేతిలో ఉండేది ఆ మెయిలే.

అపోహ: సెలవులోనూ కాస్త పని చూసిపెడతానంటే ఓనర్ మెత్తబడతాడు.
మెత్తబడతాడు, నిజమే. ఆ తర్వాత "ఒక్క ఫైలే కదా" అంటూ ఫోన్లు ఆగవు. మన చట్టం ప్రకారం ప్రసవమయ్యాక ఆరు వారాలు పని చేయించడమే నిషేధం. బేరాన్ని తిరగేయండి: సెలవు ముగిశాక కొన్నాళ్ళు ఇంటినుంచి పనో, పూట పనో అడగండి. ఇంటినుంచి చేయడానికి వీలున్న పనైతే ఇద్దరూ ఒప్పుకుని అలా చేయవచ్చని 2017 సవరణలోనే ఉంది.

అపోహ: సెలవు ఖాయమైతే పని అయిపోయినట్టే.
ఇంక్రిమెంట్, బోనస్, ఆరోగ్య బీమా, పీఎఫ్ సంగతి కూడా ఓనర్‌కు పెట్టే ఆ మెయిల్లోనే రాసేయండి. బీమా రెన్యువల్ సెలవు మధ్యలో వస్తే, బిడ్డ పేరు చేర్పించే పని ఎవరిదో కూడా.