‘పైలట్లు సురక్షితం’ వెనుక ఉన్న లెక్క

శిక్షణ విమానం కూలి అందులోని వారు బతికి బయటపడితే, మనవాళ్ళు ‘భూమ్మీద నూకలున్నాయి’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. 2023 జూన్ 1న కర్ణాటకలోని చామరాజనగర్ దగ్గర వైమానిక దళ శిక్షణ విమానం కిరణ్ కూలింది. 2024 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండ దగ్గర మరో శిక్షణ విమానం హాక్ కూలింది. రెండుచోట్లా ఇద్దరేసి పైలట్లూ ప్రాణాలతో దక్కారు. నూకల సంగతి దేవుడెరుగు, పైలట్‌ను విమానం నుంచి బయటికి విసిరే ఎజెక్షన్ సీటులో లెక్క మాత్రం ఉంది.

హాక్ మన ప్రకాశం ప్రాంతానికి తెలియనిదేమీ కాదు. కలైకుండ ప్రమాదం జరిగిన నెల రోజులకే, మార్చి 18న, కొరిశపాడు దగ్గర జాతీయ రహదారిపై కట్టిన 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వే మీదికి సుఖోయ్‌లతోపాటు హాక్‌లూ వచ్చాయి. జిల్లాల విభజనకు ముందు అది ప్రకాశం జిల్లాయే. యుద్ధ విమానాలూ హాక్‌లూ దిగుతున్నట్టే దిగి, చక్రాలు ఆనించకుండా మళ్ళీ పైకి లేచిపోయాయి. రవాణా విమానాలు మాత్రం నిజంగానే దిగాయి.

హాక్‌కు ఉన్నది ఒకే ఇంజను. అంత తక్కువ ఎత్తులో అది ఆగిపోయిందనుకుందాం. అందుకు పెద్ద కారణమే అక్కర్లేదు, ఒక కొంగ ఇంజనులోకి దూరితే చాలు. (నేలపట్టు పక్షి కేంద్రంలోని గూడబాతులు, అంటే పెలికాన్లయితే నాలుగైదు కిలోలు తూగుతాయి, వాటి మాట వేరే చెప్పాలా!) పైలట్ సీటుకున్న పిడి లాగుతాడు. తల మీది అద్దపు కప్పును పేలుడు తీగ ముక్కలు చేస్తుంది. సీటు వెనుక పేలుడు మందు గుళికలు పేలి సీటును పట్టాల వెంట పైకి తోస్తాయి. ఆపైన సీటు కింది రాకెట్ అందుకుంటుంది. చిన్న పారాచూట్ సీటును నిలకడకు తెస్తుంది, పెద్దది విచ్చుకుంటుంది, పైలట్ సీటు నుంచి విడిపోతాడు. చదవడానికి పట్టినంతసేపు కూడా పట్టదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. సీటు మనిషిని విమానం నుంచి పైకి విసురుతుందే తప్ప నేల నుంచి కాదు. సీటు సెకనుకు 20 మీటర్ల వేగంతో పైకి తోసిందనుకోండి. అప్పటికే విమానం సెకనుకు 30 మీటర్ల చొప్పున కిందికి జారుతుంటే, బయటికొచ్చిన పైలట్ నేల వైపు ఇంకా 10 మీటర్ల వేగంతో పడుతూనే ఉంటాడు. రాకెట్ కొంత ఆదుకుంటుంది, కానీ పారాచూట్ విచ్చుకోవడానికి కావలసిన ఎత్తు అప్పటికే కరిగిపోయి ఉండవచ్చు. విమానం పక్కకు ఒరిగి ఉంటే ఆ తోపు కూడా పక్కకే పోతుంది. నేల మీద ఆగి ఉన్న విమానం నుంచి కూడా బతికించే ‘సున్నా ఎత్తు, సున్నా వేగం’ సీటును 1961లోనే మనిషిని కూర్చోబెట్టి పరీక్షించారు. ఆ పేరు చూసి అది ఎప్పుడైనా, ఎలాగైనా కాపాడుతుందనుకుంటే పొరపాటు. సీటు ఎంత మంచిదైనా, పిడి ఎప్పుడు లాగాలన్నది మనిషి చేతిలోనే ఉంది. చివరి క్షణం దాకా విమానాన్ని దక్కించుకోవాలని చూసే పైలట్‌ను పొగడటం మనకు అలవాటు. నాకైతే తొందరగా వదిలేసినవాడే తెలివైనవాడనిపిస్తుంది.

శిక్షణ విమానంలో ఆ నిర్ణయం మరీ చిక్కు. నేర్చుకునే కుర్రవాడు తడబడవచ్చు. అందుకే హాక్‌లో వెనుక కూర్చున్న గురువు ఒక్కడే పిడి లాగినా ఇద్దరూ బయటపడే ఏర్పాటు ఉంది. ముందుగా వెనుక సీటు లేస్తుంది, రెప్పపాటు తర్వాత ముందు సీటు. ఆ వరుస తిరగబడితే ముందు సీటు రాకెట్ మంట వెనుకవారిని కాల్చేస్తుంది.

‘సురక్షితం’ అన్న మాటలో దాగిపోయేది వెన్నెముక. సీటు తోపుకు 15 రెట్ల గురుత్వ బలం పడిన క్షణంలో 70 కిలోల మనిషి పది క్వింటాళ్ళకు పైగా బరువవుతాడు. ఛాతీ, నడుము కలిసేచోట ఉండే పూసలు నలిగి చిట్లడం ఇలాంటి సందర్భాల్లో తరచూ కనిపించే గాయం. ముందుకు వంగి ఉంటే ముప్పు ఎక్కువ. నడిచి వచ్చినవాడికీ స్కానింగ్ తప్పదు, మళ్ళీ ఎగరడానికి నెలలు పట్టవచ్చు.

కాబట్టి ఏ అద్దంకి పొలంలోనో కావలి చేలోనో పారాచూట్ దిగితే, పైలట్‌ను లేపి కూర్చోబెట్టవద్దు, ఆటోలోకి ఎత్తవద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కు, పోలీసులకు ఫోను చేయాలి. పక్కన పడిన సీటును ముట్టుకోకూడదు, దానిలో పేలని గుళికలు ఉండవచ్చు.