సాఫ్ట్‌వేర్ గైడ్లకి ప్రూఫ్ చూడటం: అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో ఒక డీటీపీ షాపులో పగలంతా ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్ట్ రిపోర్టులకి ప్రూఫ్ చూస్తాను, రాత్రి ఇంటికొచ్చాక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ల (కోడ్ అందరికీ తెరిచిపెట్టి, ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగేవి) గైడ్లకి ప్రూఫ్ చూస్తాను. రెండోదానికి జీతం లేదు, ఆరేళ్ళ నుంచి ఇష్టపడి చేస్తున్నాను. రుషికొండ ఐటీ వాళ్ళ దగ్గర్నుంచి మా షాపుకి స్పైరల్ బైండింగ్‌కొచ్చే పిల్లల దాకా దీని గురించి అవే మాటలు అంటుంటారు, ఒక్కసారి రాసిపెడితే మంచిదనిపించింది.

అపోహ: కోడింగ్ రానివాళ్ళకి అక్కడేం పని?

వాస్తవం: గైడ్ చదివేదే తెలియనివాళ్ళు కదండీ, దాన్ని పరీక్షించాల్సింది కూడా వాళ్ళే. పోయినేడాది ఒక ఇన్‌స్టాలేషన్ గైడ్ నాతో కలిపి నలుగురం చూశాం, అంతా బాగానే ఉందనుకున్నాం. ఆ ఆదివారం మా అన్నయ్య కూతురు గాజువాక నుంచి ఇంటికొస్తే, డిగ్రీ చదువుతోంది, కొత్త ల్యాప్‌టాప్ కూడా తెచ్చుకుంది, సరే ఇది చూసి చెయ్యమ్మా అని ఇచ్చాను. నాలుగో స్టెప్ దగ్గర ఆగిపోయి "అత్తా, ఇందాక డౌన్‌లోడ్ చేసిన ఫోల్డర్‌లోకి వెళ్ళమంటోంది, ఇందాక మనం ఏం డౌన్‌లోడ్ చేశాం?" అంది. పైన చూస్తే నిజంగానే లేదు, పాత వెర్షన్‌లో ఉన్న ఆ స్టెప్‌ని ఎవరో సర్దుతూ తీసేశారు. మా నలుగురి కంప్యూటర్లలో ఆ ఫోల్డర్ ఎప్పట్నుంచో ఉంది కాబట్టి మా కళ్ళు దాన్ని దాటుకుంటూ వెళ్ళిపోయాయి. అప్పట్నుంచి గైడ్ ఒట్టినే చదవను, కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి, ప్రతి స్టెప్పూ చేస్తూ చదువుతాను.

అపోహ: ప్రూఫ్ అంటే స్పెల్లింగే, అది కంప్యూటర్ చూసేస్తుంది, ఇప్పుడు ఏఐ కూడా వచ్చేసింది.

వాస్తవం: స్పెల్లింగ్ నిజంగానే చూస్తుంది, వాక్యం కూడా నున్నగా చేసి ఇస్తుంది. కానీ కొత్త వెర్షన్‌లో ఆ బటన్ పేరు మారిందా, మెనూలో ఇంకో చోటికి పోయిందా అన్నది సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తేనే తెలుస్తుంది. ఇంకోటి చెప్తా. కమాండ్‌లో, అంటే కంప్యూటర్‌కి టైప్ చేసి ఇచ్చే ఆదేశంలో, 'హెల్ప్' లాంటి మాట ముందు రెండు చిన్న గీతలుంటాయి కదా, గైడ్‌ని వర్డ్ ప్రాసెసర్‌లో టైప్ చేసినప్పుడు ఆటోకరెక్ట్ ఆ రెండిట్నీ కలిపేసి ఒక్క పొడుగు గీత చేసేస్తుంది, నిటారు కోట్లని వంపు కోట్లు చేసేస్తుంది. మా షాపులో పుస్తకానికైతే ఆ పొడుగు గీతే కరెక్ట్, లేకపోతే నేనే పెట్టిస్తాను, అదే గీత గైడ్‌లో ఉంటే పాపం చదివినవాడు కాపీ చేసి టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, పేస్ట్ చేస్తాడు, ఎర్రర్ వస్తుంది, తప్పు తనదే అనుకుంటాడు. ఒక్క స్పేస్ కూడా చిన్న విషయం కాదు. 2011లో బంబుల్‌బీ అనే లినక్స్ ప్రాజెక్ట్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లో, డిలీట్ కమాండ్‌లో ఒక స్పేస్ ఎక్కువ పడి జనాల కంప్యూటర్లలో ప్రోగ్రాములన్నీ ఉండే యూఎస్‌ఆర్ ఫోల్డర్ మొత్తం పోయింది. అది గైడ్ కాదు స్క్రిప్టే, అయినా కమాండ్ ఉన్న లైన్ వస్తే నేను అక్షరం అక్షరం వేలు పెట్టి చూసేది అందుకే.

అపోహ: ఇంగ్లీష్ దంచేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. ప్రాజెక్ట్‌కి స్టైల్ గైడ్, అంటే ఏది ఎలా రాయాలో చెప్పే పత్రం, ఉంటుంది, ముందు అది చదవాలి. కలర్ అన్న మాటలో 'యు' లేదని మన స్కూల్ అలవాటు కొద్దీ పెట్టేస్తే అది దిద్దడం కాదు, వాళ్ళు అమెరికన్ స్పెల్లింగ్ పెట్టుకున్నారంతే.

అపోహ: ఎన్ని దిద్దుబాట్లు పంపితే అంత పేరు.

వాస్తవం: ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి మార్పులు పంపినవాళ్ళకి టీషర్ట్ ఇచ్చే అక్టోబర్ కార్యక్రమం హ్యాక్టోబర్‌ఫెస్ట్, 2020లో ఆ టీషర్ట్ కోసం జనం రీడ్‌మీ ఫైళ్ళలో (ప్రాజెక్ట్ పరిచయం ఉండే ఫైళ్ళు) అవసరం లేని మాటలు చేర్చి కుప్పలుగా పంపేశారు, నిర్వాహకులు నెల మొదట్లోనే రూల్ మార్చి, మేం పాల్గొంటాం అని ఒప్పుకున్న ప్రాజెక్టుల్నే లెక్కలోకి తీసుకున్నారు. వచ్చిన ప్రతిదాన్నీ అవతల ఒక మనిషి చదవాలి, ఆ మనిషి కూడా మనలా వాలంటీరే. ఇది నాకు చాలా బాధగా అనిపించే విషయం.

అపోహ: తెలుగు అనువాదమైతే మన భాషే కదా, ఎవరైనా చూసేస్తారు.

వాస్తవం: చూడొచ్చు, రండి, మనుషులు చాలా తక్కువమంది ఉన్నారు. కానీ స్క్రీన్ మీద చూడాలి. 'సాఫ్ట్‌వేర్' అని రావాలంటే ట్ తర్వాత కంటికి కనపడని క్యారెక్టర్ ఒకటి, జీరో విడ్త్ నాన్ జాయినర్, పడాలి, పడకపోతే 'సాఫ్ట్వేర్' అని వ వొత్తు కిందకి దిగిపోతుంది. లిస్టులో ఒకచోట అలా ఒకచోట ఇలా ఉంటే సెర్చ్‌లో కూడా సగమే దొరకొచ్చు. ఇంకా పెద్దది అంకెల వరుస. '3 of 10 files copied' లాంటి ఇంగ్లీష్ మెసేజ్‌లో ముందు 3, తర్వాత 10 వస్తాయి, మనకేమో '10 ఫైళ్ళలో 3 కాపీ అయ్యాయి', అంటే తిరగబడుతుంది. అంకెలొచ్చే చోట ప్రోగ్రామ్ నింపుకోవడానికి పెట్టే శాతం గుర్తులకి (%d లాంటివి) ఒకటి, రెండు అని నంబర్ ఇవ్వకుండా మాటలు మాత్రమే మార్చేస్తే '3 ఫైళ్ళలో 10 కాపీ అయ్యాయి' అని వస్తుంది. చదివితే వాక్యంలో తప్పేం లేదు, ప్రోగ్రామ్ నడిపితేనే బయటపడుతుంది. 'ఫైల్' అనాలా 'దస్త్రం' అనాలా అని గంటలు గంటలు వాదించుకుంటారు గానీ, నామట్టుకు ఏదైనా పర్లేదు, మెనూలో ఏది పెట్టారో గైడ్‌లోనూ అదే ఉండాలి.

మొదలుపెట్టాలనుకుంటే మీరు రోజూ వాడేదే తీసుకోండి. గిట్‌హబ్‌లో (ప్రాజెక్టుల ఫైళ్ళు పెట్టుకునే వెబ్‌సైట్) ఉన్న గైడ్ అయితే ఫైల్ తెరిచి పెన్సిల్ బొమ్మ నొక్కితే బ్రౌజర్‌లోనే దిద్ది పంపొచ్చు. లిబ్రేఆఫీస్ గైడ్లయితే దాని వర్డ్ ప్రాసెసర్ రైటర్‌లో చేసిన ఫైళ్ళే, దిద్దింది కనపడేలా ఉంచే ట్రాక్ ఛేంజెస్ ఆన్ చేసి దిద్దాలి, ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి అది బాగా అలవాటున్న పనే. మొదటిసారి ఒకే ఒక్క తప్పు పంపండి, ఏ వెర్షన్‌లో చూశారో, ఏం చేస్తే ఏం వచ్చిందో రెండు లైన్లు రాయండి. రిప్లై వెంటనే రాదు. మా అన్నయ్య కూతురు పట్టుకున్న ఆ స్టెప్ తన పేరుతోనే పంపించాం, పదిహేడు రోజులకి తీసుకున్నారు, ఇప్పుడు ఆ గైడ్‌లో మూడో స్టెప్ అదే.