సిమ్లాలో రాష్ట్రపతి ఇల్లు ఒకటి కాదండీ, రెండు! (అపోహలు - వాస్తవాలు)

వేసవి బుకింగ్‌లు మొదలైతే చాలు, మా ఆఫీసు ఫోన్‌కి ఒకటే ప్రశ్న. “సిమ్లాలో రాష్ట్రపతి గారి ఇల్లు చూడనిస్తున్నారట కదా, పర్మిషన్ మీరే తెప్పిస్తారా?” విశాఖ నుంచి సిమ్లా, మనాలి గ్రూపులు తీసుకెళ్లడం నా పని. స్టీల్‌ప్లాంట్, పోర్టు, డాక్‌యార్డు వాళ్ల ఎల్‌టీసీ (ఆఫీసు ఇచ్చే సెలవు ప్రయాణ ఖర్చు) కుటుంబాలే ఎక్కువ. ఎవరి వాట్సాప్‌లో చూసినా అదే ఫార్వర్డ్ ఉంటుంది. అందులో ఒక భవనం ఫోటో, ఇంకో భవనం చరిత్ర, మూడో భవనం టైమింగ్స్. దాన్ని నమ్ముకుని వెళ్లి ఒక రోజంతా పోగొట్టుకున్నవాళ్లని చూసి చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: సిమ్లాలో రాష్ట్రపతి నివాస్ ఒకటే ఉంది.

వాస్తవం: ఆ పేరుతో రెండున్నాయి. ఊరికి ఒకటి ఈ చివర, ఇంకోటి ఆ చివర. అసలు నష్టమంతా ఇక్కడే జరుగుతోంది కాబట్టి నిదానంగా చెబుతాను.

మొదటిది అబ్జర్వేటరీ హిల్ మీది పెద్ద రాతి మేడ, పాత వైస్‌రీగల్ లాడ్జ్. హెన్రీ ఇర్విన్ డిజైన్ చేశాడు. 1888లో వైస్రాయ్ డఫ్రిన్ గృహప్రవేశం చేశాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఇదే రాష్ట్రపతి వేసవి విడిది అయింది, రాష్ట్రపతి నివాస్ అనే పేరు పెట్టారు. తర్వాత 1965లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీకి ఇచ్చేశారు. అంటే ఇది మాజీ నివాసం. ఇప్పుడు రాష్ట్రపతికీ దీనికీ పేరు తప్ప ఏ సంబంధమూ లేదు.

రెండోది మశోబ్రా వైపు ఛరాబ్రాలో ఉంది, సిమ్లా నుంచి సుమారు 13 కిలోమీటర్లు. 1850లో కట్టిన చెక్క ఇల్లు. దీన్ని రిట్రీట్ అంటారు, పటాల్లో మాత్రం ఇదీ రాష్ట్రపతి నివాసే. రాష్ట్రపతి సిమ్లా వస్తే దిగేది ఇక్కడే. 2023 ఏప్రిల్‌లో దీన్ని సందర్శకులకు తెరిచారు. ఆ వార్త వచ్చినప్పుడు మన వాట్సాప్ పండితులు దీని కబురుకి రాతి మేడ ఫోటో అతికించారు. గొడవంతా అక్కడ మొదలైంది.

మ్యాపులో పేరు కొట్టి ట్యాక్సీ ఎక్కితే ఏది వస్తుందో మీ అదృష్టం. గోపాలపట్నం నుంచి వచ్చిన ఒక పోర్టు రిటైర్డ్ దంపతులు, గ్రూపుతో కాకుండా సొంతంగా వెళ్లి, మధ్యాహ్నం నాకు ఫోన్ చేశారు. “బాబూ, రాతి మేడ అన్నావు, ఇక్కడేటి చెక్క ఇల్లుంది? గాంధీ, జిన్నాల కాలంనాటి చర్చల గది ఏదంటే వీళ్లు నవ్వుతున్నారు” అని ఆవిడ. సింహాచలం కొండెక్కి అన్నవరం ప్రసాదం అడిగినట్టుంది వ్యవహారం. పాపం, వాళ్ల తప్పేం లేదు. ట్యాక్సీ ఆయనకి రాష్ట్రపతి నివాస్ అన్నారు, ఆయన రిట్రీట్‌కి తీసుకెళ్లాడు. మే నెల ట్రాఫిక్‌లో ఊరు దాటి ఈ చివర రాతి మేడకి వచ్చేసరికి లోపలి టూర్లు అయిపోయాయి. మర్నాడు పొద్దున్నే మనాలి బండి. ఇంత దూరం వచ్చి వాళ్లు అసలు చూడాలనుకున్నది చూడనే లేదు.

అందుకే డ్రైవర్‌తో రాష్ట్రపతి అన్న మాటే ఎత్తకండి. రాతి మేడకయితే “అడ్వాన్స్ స్టడీ” అనండి, సిమ్లాలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. చెక్క ఇంటికయితే “ఛరాబ్రా రిట్రీట్” అనండి. రిట్రీట్ కుఫ్రీ వెళ్లే దారి వైపు ఉంది కాబట్టి కుఫ్రీ రోజున పెట్టుకోవాలి. అడ్వాన్స్ స్టడీ చౌరా మైదాన్ దాటి పడమటి వైపు, కాబట్టి మాల్ రోడ్, మ్యూజియం చూసే రోజున. రెండూ ఒకే పూట చూపిస్తామనే ఏజెంటు సిమ్లా ట్రాఫిక్ ఎప్పుడూ చూడలేదన్నమాట.

అపోహ: రాష్ట్రపతి ఇల్లు కాబట్టి పోలీస్ వెరిఫికేషన్, ఢిల్లీ నుంచి స్పెషల్ పాస్ కావాలి.

వాస్తవం: ఏమీ అక్కర్లేదు! అడ్వాన్స్ స్టడీకి అక్కడి కౌంటర్లో టికెట్ కొనుక్కుంటే చాలు. రిట్రీట్‌కి రాష్ట్రపతి భవన్ వారి సందర్శకుల వెబ్‌సైట్‌లో మీరే స్లాట్ పెట్టుకోవచ్చు, ఒరిజినల్ ఆధార్ దగ్గర ఉంచుకోండి. టికెట్ ధర కూడా పెద్దదేం కాదు. కానీ “పర్మిషన్ చార్జీ” పేరుతో మనిషికింత అని వసూలు చేసేవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం అప్పటికే ఎవరికో డబ్బు కట్టేసి, ఒక జిరాక్స్ కాగితం చూపించింది. దాని మీద మూడు సింహాల బొమ్మ, కింద ఏదో సంతకం. అది ఎందుకూ పనికిరాదని చెప్పడానికి నాకే బాధేసింది.

అపోహ: రాష్ట్రపతి వస్తున్నారు, సిమ్లా మొత్తం మూసేస్తారు, టూర్ క్యాన్సిల్ చేసుకోవడం మంచిది.

వాస్తవం: రాష్ట్రపతి ఉన్న రోజుల్లో సందర్శకులకు మూసేది రిట్రీట్‌ని. కాన్వాయ్ వెళ్లేటప్పుడు రోడ్డు మీద కాసేపు ఆపుతారు, అంతే. ఏడాదికోసారైనా రాష్ట్రపతి అక్కడికి రావడం ఆనవాయితీ, తరచూ అది మన సెలవుల రోజుల్లోనే పడుతుంది. ఈ వార్త టీవీలో రాగానే నాకు రాత్రి పదింటికి ఫోన్లు. పిల్లలు, ముసలివాళ్లు, ముందే కట్టిన హోటల్ డబ్బులు, ఇవన్నీ తలుచుకుంటే టెన్షన్ రావడం సహజమే. కానీ భయపడి క్యాన్సిల్ చేస్తే రైలు టికెట్టు పోయె, హోటల్ అడ్వాన్స్ పోయె. మీ లిస్టులో ఉన్నది అడ్వాన్స్ స్టడీ అయితే రాష్ట్రపతి రాకతో దానికి పనే లేదు. ముందు ఏ ఇంటికి వెళ్తున్నారో చూసుకోండి, తర్వాత కంగారు పడదాం.

ఇక మిగతావి గబగబా.

రాతి మేడ అంతా చూపిస్తారా? చూపించరు. అది పరిశోధకులు పనిచేసుకునే చోటు. కింది అంతస్తులో కొన్ని గదులు మాత్రమే, అవి కూడా గైడ్ వెంట, బ్యాచ్‌లుగా. వైస్రాయ్‌ల కాలంలో విందులు, డాన్సులు జరిగిన హాళ్లు ఇప్పుడు లైబ్రరీ. “ఇంతేనా” అని నిట్టూర్చేవాళ్లు ప్రతి గ్రూపులో ఉంటారు. వాళ్లని తోటలోకి పంపేస్తాను, అక్కడ ఎంతసేపైనా ఉండొచ్చు. పాత ఫైర్‌స్టేషన్లో కేఫ్ ఉంది, టీ దొరుకుతుంది. లోపల ఫోటోలు తీయనివ్వరు, సెల్ఫీలన్నీ బయటే.

1972 ఇందిర-భుట్టో సిమ్లా ఒప్పందం ఇక్కడే జరిగిందా? కాదు. అది బార్న్స్ కోర్ట్‌లో, అంటే తర్వాత హిమాచల్ రాజ్‌భవన్ అయిన భవనంలో.

దేశ విభజన మీద సంతకాలు ఈ బల్ల మీదేనా? ఇది గైడ్‌ని అడిగి మరీ ఆవేశపడతారు. ఇక్కడ 1945 జూన్ 25న వైస్రాయ్ వేవెల్ మన నాయకులతో పెట్టిన సమావేశం మొదలైంది. వైస్రాయ్ కౌన్సిల్‌లో ముస్లిం సభ్యుల పేర్లు ముస్లింలీగ్ మాత్రమే ఇవ్వాలని జిన్నా పట్టుబట్టడంతో జూలై 14న ఫలితం లేకుండా ముగిసింది. 1947 మేలో వైస్రాయ్ మౌంట్‌బాటన్ తన అధికార బదిలీ ప్లాన్‌ని నెహ్రూకి చూపించింది కూడా సిమ్లాలోనే. నెహ్రూ ఒప్పుకోకపోతే వైస్రాయ్ సలహాదారు వి.పి. మీనన్ గంటల్లో కొత్తది రాశాడు. చర్చలు ఇక్కడ, ప్రకటన మాత్రం జూన్ 3న ఢిల్లీలో.

రాధాకృష్ణన్ గారు చదువుకోవడానికి కట్టించుకున్న మేడ అని కూడా ఒకటి తిరుగుతోంది. కట్టేనాటికి ఆయన ఇంకా పుట్టనే లేదు. నిజం ఇంకా బాగుంటుంది. రాష్ట్రపతిగా ఉండి, తన హోదాకి వచ్చిన వేసవి మేడని పండితులకు వదిలేసిన మనిషి ఆయన. 1965 అక్టోబర్ 20న ఇన్‌స్టిట్యూట్‌ని ఆయనే ప్రారంభించారు. 1931 నుంచి 36 దాకా మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ కూడా కదా, ఏయూ రిటైర్డ్ మాస్టార్లు గ్రూపులో ఉంటే ఈ భాగం నేను చెప్పక్కర్లేదు. ఒకాయనైతే గైడ్‌ని పక్కన కూర్చోబెట్టి తానే గైడ్ అయిపోయారు, ఢిల్లీ వాళ్లు కూడా ఆయన చుట్టూ చేరి విన్నారు. అంతా బాగానే ఉంది గానీ వెనక బ్యాచ్ ఆగిపోయింది.

సోమవారం సంగతి. రెండిళ్లకీ సోమవారం సెలవు. మన వాళ్లు శుక్రవారం ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఢిల్లీ, కాల్కా మీదుగా ఆదివారం సాయంత్రానికి సిమ్లా చేరి, సోమవారం సైట్‌సీయింగ్ పెట్టుకుంటారు. లీవ్ కలిసొస్తుందని. ఒక్క రోజు అటో ఇటో జరపండి. సీజన్లో పొద్దున్నే వెళ్లండి, బ్యాచ్‌లు త్వరగా నిండుతాయి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు గేటు నుంచి మేడ దాకా ఎత్తు దారి కష్టంగా ఉంటుంది. సిమ్లా చలి, ప్రయాణం కూడా పడవనుకుంటే హైదరాబాద్ బొలారంలో రాష్ట్రపతి నిలయం ఉంది, 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా చూడనిస్తున్నారు. వంటింటి నుంచి భోజనాల గదికి సొరంగం ఉంటుంది, పిల్లలకు అదే ఇష్టం. సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే దిగొచ్చు. స్లాట్ పెట్టుకునేది ఆ రాష్ట్రపతి భవన్ వెబ్‌సైట్‌లోనే. రాష్ట్రపతి శీతాకాలం విడిదికి వచ్చినప్పుడు ఆపేస్తారు, ముందే చూసుకోండి. అన్నట్టు, దానికీ సోమవారం సెలవే.