'తమరు' అనే తిట్టు: ఎవాంజెలియన్, దాని భక్తులు

జపాన్‌లో టీవీకి తీసిన అనిమే, అంటే బొమ్మల సీరియల్, 'నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్' అంత గొప్పదేం కాదని ఎవరైనా అంటే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, "నీకు అర్థం కాలేదు." రెండోది, "మళ్లీ చూడు." ముప్పై ఏళ్లుగా ఇదే వరస. ఇందులో తమాషా ఏమిటంటే, ఈ అనిమేనీ దాని వీరాభిమానుల్నీ అందరికంటే ఘాటుగా దులిపింది బయటి విమర్శకులు కాదు, దాన్ని తీసిన హిదెయాకి అన్నోనే. ఈ తగువు మూలం వెతకాలంటే అది ప్రసారమైన 1995 దగ్గర మొదలుపెడితే సరిపోదు. ఇంకో పన్నెండేళ్లు వెనక్కి, ఒక మాట దగ్గరికి పోవాలి.

జపనీస్‌లో 'ఒటాకు' అంటే 'మీ ఇల్లు'. ఎదుటి మనిషిని మర్యాదగా పిలవడానికి, మనం 'తమరు' అన్నట్టుగా, ఆ మాట వాడతారు. 1983లో అకియో నకమోరి అనే రచయిత ఒక మాంగా (బొమ్మల కథల) పత్రికలో అభిమానుల మీద శీర్షిక రాస్తూ ఈ మాటనే వాళ్లకు తగిలించాడు. టోక్యోలో అభిమానుల కోసం జరిగే కామిక్ మార్కెట్ అనే సంతకి వచ్చే కుర్రాళ్లు పక్కపక్కనే నిలబడి కూడా ఒకరినొకరు 'ఒటాకు' అని పిలుచుకుంటారట. ఈడు కుర్రాళ్లు "ఏరా" అనుకోకుండా "తమరు ఆ సంచిక కొన్నారా?" అని అడిగితే మనకెలా ఉంటుందో అతనికీ అలాగే ఉంది. ఆ వెటకారమే వాళ్లకు పేరైపోయింది.

వెటకారం వరకైతే ఫర్వాలేకపోను. 1989లో చిన్నపిల్లలను చంపిన ఒక హంతకుణ్ని అరెస్టు చేశారు. అతని గదిలో నేల నుంచి పైకప్పు దాకా పేర్చిన వీడియో టేపుల ఫొటోలు పేపర్లలో వచ్చాయి. నేరం ఒకడిది, నింద అందరిదీ అయింది. బొమ్మల కథలు చూసే ప్రతి కుర్రాణ్నీ అనుమానంగా చూసే కాలం వచ్చింది. తమ ఇష్టాన్ని ఎవరైనా విమర్శిస్తే ఈ అభిమానులకు చర్రుమని ఎందుకు మండుతుందో ఈ ముక్క తెలియకపోతే అర్థం కాదు. అది అహంకారం మాత్రమే కాదు, పాత దెబ్బ నొప్పి కూడా.

అన్నో ఆ గుంపులోంచి వచ్చినవాడే. 1960లో యమగుచి జిల్లాలోని ఉబే అనే పారిశ్రామిక పట్టణంలో పుట్టాడు. ఒసాకాలో చదువుకునే రోజుల్లో, అక్కడి సైన్స్ ఫిక్షన్ సభల కోసం 1981లోనూ 1983లోనూ స్నేహితులతో కలిసి చిన్న చిన్న ప్రారంభ చిత్రాలు గీశాడు. 1984లో హయావో మియాజాకి అనిమే సినిమా 'నౌసికా'లో మహాయోధుడు కరిగి కూలిపోయే దృశ్యం గీసే పని ఇతనికే దక్కింది. అదే ఏడాది చివర ఆ ఒసాకా మిత్రబృందం గైనాక్స్ స్టూడియో పెట్టింది. అంటే ఇది అభిమానులు పెట్టుకున్న కంపెనీ. 1991లో ఆ కంపెనీయే ఒటాకుల మీద, అంటే తమ మీద తామే, ఒక వ్యంగ్య వీడియో తీసి అమ్ముకుంది. ఆ అలవాటు గుర్తుంచుకోండి.

అంతకుముందు తీసిన 'నాడియా' అనే టీవీ అనిమే అయ్యాక అన్నో నాలుగేళ్లు ఏ పనీ చేయలేని స్థితిలో పడిపోయాడు. ఊపిరి ఉందన్న మాటే గానీ పారిపోతూ బతికానని తనే రాసుకున్నాడు. ఆ మనిషి 1995 అక్టోబరు 4న టీవీ టోక్యోలో, బుధవారం సాయంత్రం ఆరున్నరకి, పిల్లలు చూసే వేళలో ఎవాంజెలియన్ మొదలుపెట్టాడు. ఆ ఏడాది జనవరిలో కోబె భూకంపం, మార్చిలో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు దాడి. దేశం దిగాలుగా ఉంది. తెర మీద పద్నాలుగేళ్ల షింజి. తండ్రి పిలిస్తే వచ్చి మహాయంత్రం ఎక్కమంటే, "ఎక్కను" అంటాడు. రోబో కథల్లో అప్పటిదాకా ఎక్కువమంది కుర్రాళ్లు ఎగిరి గంతేసి ఎక్కేవాళ్లు.

ఇరవై నాలుగు భాగాల దాకా కథ సాగింది. ఆ తర్వాతి చివరి రెండింట్లో యుద్ధం లేదు, శత్రువు లేడు. షింజి బుర్రలోని ప్రశ్నలు, కదలని బొమ్మలు, పెన్సిల్ గీతలు, ఆఖరికి అందరూ చుట్టూ నిలబడి చప్పట్లు కొడుతూ "శుభాకాంక్షలు" అనడం. 1996 మార్చి 27న అది అయిపోయింది. నా మట్టుకు నాకు 24వ భాగంలో దాదాపు నిమిషం పాటు కదలకుండా నిలిచిపోయే ఒకే ఒక్క చిత్రం ఆ అనిమేలోకెల్లా గొప్ప క్షణం. కానీ చివరి రెండు భాగాలను కూడా అదే ఖాతాలో వేసి, ప్రతి గీతకీ తత్వార్థం లాగేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. టైము చాలక గడువు మెడ మీదకొచ్చిందన్నది దాచిన రహస్యమేం కాదు. గడువు ఒత్తిడిలోంచి కూడా కళ పుట్టొచ్చు. అయితే ఆ ఒత్తిడిని ఒప్పుకోవడానికి భక్తులకు మనసొప్పదు.

అప్పటి అభిమానులకైతే అసలే ఒప్పలేదు. తిట్లు, ఉత్తరాలు, చంపుతామన్న బెదిరింపులు కూడా వచ్చాయి. అన్నోను ఎలా చంపాలి అని జనం ఆన్‌లైన్‌లో చర్చించుకున్నది చూసి బతుకు మీదే విరక్తి పుట్టిందని చాలా ఏళ్ల తర్వాత అతనే చెప్పాడు. అభిమానం ఏ గట్టు దాటిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

1997 జులైలో 'ది ఎండ్ ఆఫ్ ఎవాంజెలియన్' విడుదలైంది. అడిగిన యుద్ధం ఇచ్చాడు, అడిగినదానికంటే ఎక్కువ నెత్తురూ ఇచ్చాడు. మధ్యలో బొమ్మలు ఆగిపోయి నిజమైన సినిమా హాలు, అందులో కూర్చున్న ప్రేక్షకులు తెర మీద కనిపిస్తారు. ఆ తిట్ల సందేశాలూ రెప్పపాటులో మెరిసి పోతాయి. టికెట్ కొని వచ్చినవాడికి వాడి మొహమే చూపించాడన్నమాట. సినిమాలో ఆఖరి మాట షింజితో పాటు యంత్రం నడిపే అసుకా అనే పిల్లది: "వికారంగా ఉంది." కలలోంచి లేచి బయటికి పొండి అని అన్నో ఆ రోజుల్లో ఇంటర్వ్యూల్లోనూ చెబుతూనే ఉన్నాడు.

అసలు విమర్శకు చోటు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. బయటికి పొమ్మన్నవాడే గుమ్మంలో దుకాణం తెరిచాడు. రే అయనామి అనే మాటాపలుకూ లేని పిల్ల బొమ్మలు ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. డబ్బా కాఫీ మీద ఎవాంజెలియన్, 2004 నుంచి పచింకో జూదం మిషన్ల మీద ఎవాంజెలియన్, 2015 నుంచి 2018 దాకా ఒక బుల్లెట్ రైలుకే ఆ రంగులు. హిరోకి అజుమా అనే విమర్శకుడు 2001లో రాసిన పుస్తకంలో ఈ అభిమానులు కథను కాదు, కథలోంచి విడదీసిన ముక్కలను ఆరగిస్తారని అన్నాడు: జుట్టు రంగు, మౌనం, గాయానికి కట్టు. రే తర్వాత వచ్చిన మౌనబాలికల వరస చూస్తే కాదనలేం. కాకపోతే ఆ ముక్కలు కోసి ప్లేటులో పెట్టింది అభిమానులు కాదు, కంపెనీలు.

2019 జూన్‌లో ఇది నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చింది. జపాన్ బయట చాలామంది కుర్రకారు దీన్ని మొదటిసారి సరిగ్గా చూసింది అప్పుడే. కొత్త ఇంగ్లిష్ అనువాదంలో కవోరు అనే కుర్రాడు షింజితో అన్న 'ప్రేమ' మాట పలచబడిందని, బయటి దేశాల్లో చివరి పాట తీసేశారని మళ్లీ గొడవ. ఒక్క క్రియాపదం కోసం వారాల తరబడి కొట్లాట! నవ్వుకునే ముందు మన హీరోల అభిమానులు టైటిల్ కార్డులో పేరు ముందూ వెనకల గురించి పడే పంతాలు గుర్తుచేసుకుంటే మంచిది. అయినా ఆ ఒక్క విషయంలో పాతవాళ్ల మాటే సబబు. ఆ సన్నివేశం బరువంతా ఆ పదం మీదే ఉంది.

2007లో మొదలైన నాలుగు సినిమాల వరసలో ఆఖరిది 2021 మార్చి 8న వచ్చింది. జపాన్‌లో వెయ్యి కోట్ల యెన్లు దాటింది. ఎవాంజెలియన్లన్నింటికీ వీడ్కోలు అన్నది దాని ప్రచార వాక్యం. ఎవరికి ఎవరు జోడీ అన్న దాని మీద ఈసారి కూడా కొందరు భగ్గుమన్నారు. చివరి దృశ్యంలో పెద్దవాడైన షింజి ఒక రైల్వే స్టేషన్ మెట్లెక్కి బయటికి పరుగెత్తుతాడు. బొమ్మ కరిగి నిజమైన ఊరు కనిపిస్తుంది. అది ఉబే, అన్నో పుట్టిన ఊరు.

ఉబే-షింకవా అనే ఆ చిన్న స్టేషన్‌కి ఇప్పుడు అభిమానులు కెమెరాలు పట్టుకుని యాత్రకు వస్తున్నారు. మున్సిపాలిటీ కూడా ఊరంతా ఎవాంజెలియన్ అంటూ వాళ్లకు స్వాగతం పలికింది.