ఫ్యూజు పీకినా ఆరని దీపం

విరేచనాలకు కారణం పరాన్నజీవి అని తేలాక కూడా డాక్టరు యాంటీబయాటిక్ ఎందుకు రాస్తారు, అది బ్యాక్టీరియా మందు కదా అని ఒక పాఠకురాలు అడిగారు. బడిలో మనకు చెప్పేది అదే: బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్, మిగతావాటికి వేరే మందు. పరీక్షలో మార్కులకు అది చాలు. కానీ హెచ్‌ఐవీ ఉన్నవారి పేగులో జరిగేది వేరు.

సిస్టోఐసోస్పోరా అనే ఏకకణజీవినే చూడండి. పాత పుస్తకాల్లో ఇది ఐసోస్పోరా. కణం పెరగాలంటే ఫోలేట్ అనే బి విటమిన్ కావాలి. మనకు అది తిండిలో దొరుకుతుంది, ఈ జీవి మాత్రం సొంతంగా తయారుచేసుకుంటుంది. కోట్రైమాక్సజోల్ రెండు మందులు కలిపిన యాంటీబయాటిక్; అందులోని సల్ఫా ఆ తయారీలో ఒక మెట్టును, ట్రైమెథోప్రిమ్ ఆ తర్వాతి మెట్టును ఆపేస్తాయి. బ్యాక్టీరియా చచ్చేదీ ఇదే దారిలో. 1980లలో హైతీలో ఎయిడ్స్ రోగులకు ఈ మాత్రలిస్తే రెండు రోజుల్లోనే విరేచనాలు కట్టాయి. అయితే దాదాపు సగం మందికి తిరగబెట్టింది. అందుకే కోర్సు అయ్యాక కూడా, సీడీ4 కణాలు (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలు) కోలుకునేదాకా, తక్కువ మోతాదులో మాత్ర కొనసాగిస్తారు.

ఇక విరేచనాలు తెచ్చే మరో ఏకకణజీవి, క్రిప్టోస్పోరిడియం. నాకు అసలు ఆసక్తి దీని మీదే.

దీని బంధువులైన మలేరియా, టాక్సోప్లాస్మా పరాన్నజీవుల కణంలో ఎపికోప్లాస్ట్ అని ఒక చిన్న సంచి ఉంటుంది. ఎప్పుడో మింగిన ఎర్ర నాచు మిగులు అది. దానికి సొంత డీఎన్‌ఏ, బ్యాక్టీరియా తరహా రైబోజోములు (ప్రోటీన్లు తయారుచేసే యంత్రాలు) ఉన్నాయి. డాక్సీసైక్లిన్, క్లిండామైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు దెబ్బ కొట్టేది అక్కడే. 2004లో క్రిప్టోస్పోరిడియం జన్యుపటం మొత్తం చదివితే ఎపికోప్లాస్ట్ జాడే కనిపించలేదు. మైటోకాండ్రియా కూడా డీఎన్‌ఏ లేని ఒక తునకగా మిగిలింది. కరెంటు కనెక్షనే లేని ఇంటికి ఫ్యూజు పీకితే చీకటి పడుతుందా? లోపల కిరోసిన్ దీపం పెట్టుకున్నవాడికి మన పని కనీసం తెలియదు కూడా. అలాంటి రైబోజోములనే కొట్టే అజిత్రోమైసిన్ లాంటివి దీనిమీద నమ్మకంగా పనిచేయకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పోనీ ఫోలేట్ దారిలో వెళ్దామంటే, దీని ఎంజైముకు ట్రైమెథోప్రిమ్ సరిగా అతుక్కోదు.

పారోమోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్‌ను ఎయిడ్స్ రోగుల్లో ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూస్తే పెద్ద తేడా కనిపించలేదు. నిటజోక్సనైడ్ అనే పరాన్నజీవుల మందుకు 2002లో అమెరికా అనుమతించింది కానీ, అది రోగనిరోధక శక్తి బాగున్నవారికి పనికొచ్చినట్టు సీడీ4 పడిపోయినవారికి రాదు. మెడికల్ షాపులో లూజ్ మోషన్స్ అనగానే చేతిలో పెట్టే నార్‌ఫ్లాక్ససిన్-టినిడజోల్ పట్టీ ఇక్కడ పూర్తిగా వృథా.

అందుకే అసలు చికిత్స వేరే చోట ఉంది: హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టి సీడీ4ను పెంచడం. ఆ కణాల లెక్క మైక్రోలీటరు రక్తానికి 100 దాటి పైకి వస్తున్నకొద్దీ చాలామందిలో విరేచనాలు తగ్గుముఖం పడతాయి. ఆ లోపు ఓఆర్‌ఎస్, సెలైన్ మీద నెట్టుకురావాలి. మోషన్స్ అయితే నీళ్లు మానేయాలని, దిష్టి తగిలిందని చెప్పే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. దిష్టి తీయడం వల్ల నష్టం లేదు, నీళ్లు మానితే మాత్రం ప్రాణం మీదకొస్తుంది.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారిది ఇంకో చిక్కు. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా నిరోధకశక్తిని తగ్గించడానికి వాళ్లు వాడే టాక్రోలిమస్‌లో కొంత భాగాన్ని పేగు గోడే విరిచేస్తుంటుంది. విరేచనాలతో గోడ దెబ్బతింటే ఆ పని తగ్గి, అదే మోతాదుకు రక్తంలో మందు పెరుగుతుంది, నిరోధకశక్తి ఇంకా పడిపోతుంది. రక్తంలో మందు స్థాయి చూసి మోతాదు సరిచేయాల్సింది మార్పిడి డాక్టరే, ఇంట్లో మాత్ర తగ్గించుకోకూడదు.

మామూలు మలపరీక్షలో ఇవి తరచూ తప్పించుకుంటాయి. క్షయ కఫానికి వాడే యాసిడ్ ఫాస్ట్ స్టెయిన్‌ను కాస్త మార్చి వేస్తే, నీలం నేపథ్యంలో క్రిప్టో గులాబీ రంగు చుక్కలుగా కనిపిస్తుంది, 4 నుంచి 6 మైక్రోమీటర్లు, అంటే ఎర్ర రక్తకణం కంటే చిన్నవి. సిస్టోఐసోస్పోరా కోలగా, 20 మైక్రోమీటర్లకు పైగా పొడవుంటుంది. సిస్టోఐసోస్పోరాకు మందు కోట్రైమాక్సజోల్, క్రిప్టోకు నిరోధకశక్తి. అందుకే చీటీలో ఆ స్టెయిన్ పేరు రాయించుకోండి.