సాక్ష్యం చెప్పే ముందు

మెట్టుగూడ, సికింద్రాబాద్

పిల్లలకు తాతయ్య దీవెనలు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మీరిద్దరూ అడిగినవాటికి గేటు దగ్గర నిలబడి సరిగా జవాబు చెప్పలేకపోయాను. నువ్వేమో, తల్లీ, “తాతయ్యా, మీకెప్పుడూ డౌట్ రాలేదా?” అన్నావు. తమ్ముడేమో ఫోన్‌లో తగలబడుతున్న చర్చి వీడియో చూపించి, “ఇది మన దగ్గరేనట, యూత్ గ్రూపులో పెట్టనా?” అన్నాడు. రెండు రోజులు ఆలోచించాక రెండూ ఒకే ప్రశ్న అనిపించింది.

నాకూ డౌట్ వచ్చింది, తల్లీ. మా తమ్ముడు, మీరు చూడని మీ చిన్నతాత, ఇరవై ఆరేళ్లకే కామెర్లతో పోయాడు. ఉపవాస ప్రార్థనలు పెట్టాం. నూనె రాసి ప్రార్థించాం. భూస్థాపన రోజున ఒక పెద్దమనిషి మా అమ్మతో “మీ విశ్వాసం చాలలేదమ్మా” అన్నాడు. ఆ మాటను క్షమించడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఆ తర్వాత ఏడాది పాటు చర్చికి వెళ్లాను గానీ ఒక్క పాట పాడలేదు. అప్పటి పాస్టరయ్యగారు నన్నేమీ అడగలేదు. ప్రతి బుధవారం ఇంటికొచ్చి, మా నాన్న పక్కన కాసేపు కూర్చుని, టీ తాగి వెళ్లేవారు. నా విశ్వాసం మళ్లీ నిలబడిందంటే ఆ టీ వల్లనే అనుకుంటాను.

యోహాను సువార్త 20వ అధ్యాయం మళ్లీ చదవండి. తోమాకు మనం అవిశ్వాసి అని పేరు పెట్టేశాం. మిగతా శిష్యులు ప్రభువును చూశామంటే, గాయాలు చూస్తేనే నమ్ముతానన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత కూడా అతను వాళ్లతోనే ఉన్నాడు. వాళ్లు బయటికి పంపలేదు, అతనూ వెళ్లిపోలేదు. అప్పుడు యేసయ్య వచ్చి గాయాలు చూపించాడు. నాకు ఆ ఎనిమిది రోజులే ముఖ్యం. మన దేశానికి సువార్త తెచ్చాడని క్రైస్తవులు తరతరాలుగా చెప్పుకునేది కూడా ఆ తోమా గురించే.

ఇక వీడియో సంగతి. నేను ముప్పై ఏళ్లు పేపర్ డెస్కులో పనిచేశానని మీకు తెలుసు. మీకు చెప్పనిది ఒకటుంది. ఒక రాత్రి ఒక సంఘంలో డబ్బు గొడవ గురించి కంట్రిబ్యూటర్ వార్త పంపాడు. అందులో ఒక వర్గం మాటే ఉంది. ఎడిషన్ టైమ్ దాటిపోతోందని, రెండో వర్గానికి ఫోన్ చెయ్యకుండానే హెడ్డింగ్ పెట్టి వదిలేశాను. ట్రెజరర్ డబ్బు తిన్నట్టుగా వచ్చింది. లెక్కలు సరిగ్గానే ఉన్నాయని తర్వాత తేలింది. నాలుగు రోజులకు లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వేశాం. నేను ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. ఆయన కూతురు మాత్రం నా ముఖం చూడలేదు.

చర్చిలో లేచి సాక్ష్యం చెబుతాం కదా, దేవుడు మనకు చేసిన మేలు గురించి. పది ఆజ్ఞల్లోనూ అదే మాట ఉంది, పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పొద్దని. ఫార్వర్డ్ చెయ్యడం కూడా సాక్ష్యం చెప్పడమే, నాన్నా. నువ్వు చూపించిన వీడియోలో మంటల పక్కన ఉన్న షాపు బోర్డు మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. చర్చిలు తగలబడలేదని నేననడం లేదు. 2023 మేలో మణిపూర్‌లో నిజంగానే తగలబెట్టారు. అందుకే మరింత జాగ్రత్త కావాలి. రేపు మనం ఆ నిజం చెప్పినా, ఇలాంటి వీడియో ఒకటి చూపించి అదీ అబద్ధమే అంటారు. పక్కింటి ముస్లింల గురించో, గుడికి వెళ్లేవాళ్ల గురించో వచ్చే వీడియోలకూ ఇదే వర్తిస్తుంది. వాళ్లూ పొరుగువాళ్లే.

రాజకీయాల గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఎలక్షన్లప్పుడు నాయకులు చర్చికొస్తారు. వాళ్ల కోసం ప్రార్థిద్దాం. కానీ పుల్‌పిట్ మీద నుంచి ఫలానా పార్టీకి ఓటెయ్యమనడం తప్పు. ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వం క్రిస్మస్ విందు ఇస్తుంది, సంతోషమే. మనం నమ్మినదాన్ని ఆచరించే హక్కు మాత్రం విందు ఇచ్చినవాళ్ల దయ కాదు. అది రాజ్యాంగంలోని 25వ అధికరణం ఇచ్చింది.

నాయకులను అడగాల్సింది వేరే ఉంది. ఎస్సీలు ఎవరో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. సిక్కులైన దళితులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా ఇచ్చారు. మనవాళ్లకు ఇవ్వలేదు. ఇక్కడ వాళ్లకు వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ అనే గ్రూపు కింద 1 శాతం రిజర్వేషన్ మాత్రం ఉంది. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో కులం పోయిందా? ఎస్సీ హోదా పోకూడదని సర్టిఫికెట్‌లో ఒక పేరు, చర్చి రిజిస్టర్‌లో ఇంకో పేరు ఉంచుకున్నవాళ్లను మీ ఈడు పిల్లలు అబద్ధికులనడం విన్నాను. ఆ మాట అనేముందు ఆ ఇంటికి వెళ్లి, పిల్లల ఫీజు కోసం ఆ తండ్రి పడే టెన్షన్ చూడండి.

నాన్నా, ఆదివారం ఆ ఫోన్ తీసుకురా. వీడియో ఎక్కడిదో ఇద్దరం కూర్చుని వెతుకుదాం. అప్పటిదాకా గ్రూపులో పెట్టకు. తల్లీ, నీకు పాట పాడబుద్ధి కాకపోతే పాడొద్దు. వచ్చి నా పక్కన కూర్చో.

మీ తాతయ్య